అందినట్టు చూపిస్తున్న బొంత

ఆ బొంతను కొరియర్‌కిచ్చిన పొద్దున్న మా అత్తయ్యతో గొడవ పడ్డాను. కుట్టడం అయిపోయినా ఆవిడ దాన్ని వదలదు. ఒళ్లో పెట్టుకుని, అంచులు తడుముతూ, ఎక్కడైనా దారం ముడి పిల్లకి గుచ్చుకుంటుందేమోనని వెతుకుతూ కూర్చుంది. “టీవీలో వాయుగుండం అంటున్నాడమ్మాయ్. రెండ్రోజులాగి పంపకూడదూ?” అంది. నాకు ముక్కు మీద కోపం. “మీ వాయుగుండం కోసం ఆ పిల్ల పురుడు ఆగుతుందా?” అంటూ లాక్కుని, కవర్లో పెట్టి, టేపు చుట్టి ఇచ్చేశాను.

మా ఇల్లు నిజాంపేటలో, బొంత వెళ్లాల్సింది నానక్‌రామ్‌గూడకి. ఒకే ఊరు. నేనే వెళ్లి, చేతికిచ్చి, మంచినీళ్లు తాగి వచ్చేయొచ్చు. కానీ ఇక్కడ అలా ఎవరు వెళ్తున్నారు? పక్క వీధిలోంచి ఇడ్లీ కూడా ఎవరో బండి మీద తెచ్చి గుమ్మంలో పెట్టి పోవాలి. అలవాటైపోయింది, అంతే.

మాదాపూర్‌లో నేను చేసే ఉద్యోగం ప్రాజెక్టుతో పాటే పోయాక, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక మొదలుపెట్టిన పని ఇది. ఆన్‌లైన్‌లో మాకో చిన్న పేజీ ఉంది. అది చూసినవాళ్లు ఇంట్లోని పాత చీరలు మాకు పంపుతారు. వాటిని పొరలుగా పరిచి, చేత్తో కుట్టి, పసిపిల్లలకు బొంతలూ పొత్తిగుడ్డలూ చేసి తిరిగి పంపుతాం. కుట్టేది అత్తయ్య. తణుకు దగ్గర పుట్టి పెరిగిన మనిషి, సూది పట్టుకుంటే ఊరూ వాడా మరిచిపోతుంది. ఫోటోలు తీయడం, ఆర్డర్లు చూడడం, అవసరమైతే పోట్లాడడం నా వంతు. మన ఇళ్లలో పసిగుడ్డును కొత్తబట్టలో పడుకోబెట్టరు కదా. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతచీరే కావాలి. హైటెక్ సిటీ ఫ్లాట్లలో అడిగిందల్లా దొరుకుతుంది, అదొక్కటే దొరకదు. మా పని నడిచేది అందుకే.

పేజీ అడుగున ఒక వాక్యం ఉండేది. వాన, తుఫాను, వరద లాంటి ప్రకృతి వైపరీత్యాల్లో పార్సిల్ పోతే మా బాధ్యత లేదని. నేను రాసింది కాదు, ఎవరి పేజీలోంచో ఎత్తి పెట్టుకున్నాను. అందరూ పెట్టుకున్నారు, నేనూ పెట్టుకున్నాను.

ఈ బొంత అడిగిన అమ్మాయి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఏదో కంపెనీలో చేస్తుంది. నెలలు నిండుతున్న మనిషని గొంతులోనే తెలిసింది, మాట మాటకీ ఆయాసపడుతోంది. “అమ్మ కాకినాడలో నర్సండి. ఎంతమంది పిల్లల్ని పుట్టగానే చేతుల్లోకి తీసుకుందో! నా బిడ్డను తీసుకోవడానికి మాత్రం లేకుండా పోయింది. కనీసం ఆవిడ చీరలో పడుకోబెడదామనుకుంటున్నానండి. దవాఖానలోనే, మొదటి రోజే” అంది. కాకినాడ పిల్ల ‘దవాఖాన’ అనడం విని లోపల్లోపల నవ్వుకున్నాను. ఊరు ఎవరినీ వదలదు.

చీరలు రెండు వచ్చాయి. ఒకటి ఇంట్లో కట్టుకునే ఆకుపచ్చ నేతచీర. రెండోది డ్యూటీకి కట్టుకునే తెల్లచీర, సన్నటి నీలం అంచుతో. “ఈ రెండే ఉన్నాయండి. మిగతావి అమ్మ పోయినప్పుడు చుట్టాలు తలా ఒకటీ తీసుకుపోయారు” అని మెసేజ్ పెట్టింది. తెల్లచీర చూడగానే అత్తయ్య మొహం ముడుచుకుంది. “పసిగుడ్డు కింద తెల్లచీరేవిటే, చోద్యం కాకపోతే!” అంది. ఎవరి చీరో, దేనికో చెప్పాను. కుట్టేటప్పుడు చూస్తే ఆకుపచ్చది అడుగున వేసి, బిడ్డ ఒంటికి తగిలేలా తెల్లదాన్నే పైన పరిచింది. చివికిన చోట్లు కత్తిరించి పక్కన పెట్టింది. మిగిలిన మంచి గుడ్డంతా పొత్తిగుడ్డలకు సరిపోయింది, అవీ బొంతతో పాటే అదే కవర్లో వెళ్లాయి.

వాన మర్నాడు మధ్యాహ్నం మొదలైంది. మొదలైందంటే చినుకుగా కాదు. ఒక్కసారిగా చీకటి పడినట్టయి, గాలికి మా బాల్కనీలోని తులసికుండీ దొర్లిపోయింది. వాట్సాప్‌లో వీడియోల మీద వీడియోలు. మాదాపూర్ రోడ్ల మీద కార్లు బొమ్మల్లా తేలుతున్నాయి, మెట్రో మెట్ల మీద జనం కాలు పెట్టే చోటు లేకుండా నిలబడ్డారు, ఆఫీసులన్నీ ఇళ్ల నుంచే పని చేసుకోమన్నాయి. నాకు పార్సిల్ మీదే బెంగ. సరిగ్గా అప్పుడే ఫోన్ టింగుమంది. ‘డెలివరీ అయింది.’

“చూశారా అత్తయ్యా! మీ వాయుగుండాన్ని దాటుకుని మరీ వెళ్లింది” అని ఫోన్ ఆవిడ మొహం ముందు ఆడించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివి, “అందిందని ఆ పిల్ల చెప్పిందా, ఫోను చెప్పిందా?” అంది. ఈవిడకి తృప్తి ఉండదు అనుకున్నాను.

వాన తెరిపిచ్చాక ఆ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్. “బొంత ఎప్పుడొస్తుందండి?”

అందినట్టు చూపిస్తోంది కదండీ అన్నాను. లేదంది. వాచ్‌మన్‌ని అడగమన్నాను. అడిగిందట, ఎవరూ రాలేదన్నాడట. సెల్లార్లో నీళ్లు తోడుకోవడంతోనే అతనికి సరిపోయిందట. కొరియర్ వాళ్లకు ఫోన్ చేశాను. రికార్డు గొంతు పాట పాడింది, ఆ తర్వాత మనిషి గొంతు కూడా అదే పాట పాడింది. “మా సిస్టమ్‌లో డెలివర్డ్ అని ఉంది మేడమ్. అయినా వర్షాలు కదా, మా చేతుల్లో ఏముంటుంది?” అందినట్టు ఉందట, అందకపోతే వాన చేసిందట. రెండిట్లో ఏది నిజమని అడిగితే పెట్టేశాడు.

ఈలోగా ఆ అమ్మాయి మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. “పంపింది మీరండి. నాకు కొరియర్ వాళ్లెవరో తెలీదు. నేను చీరలిచ్చింది మీకు.” డబ్బు వెనక్కిచ్చేస్తానని రాశాను. “డబ్బెవరడిగారండి మిమ్మల్ని?” అని వచ్చింది. నాకు ఒళ్లు మండింది. నా చేతులతో నేనేమైనా మురుగు నాలాలో పారేశానా? నేనేమైనా వానదేవుడినా? పేజీ అడుగునున్న ఆ వాక్యాన్ని ఫోటో తీసి పంపుదామని వేలు అక్కడే పెట్టాను. అప్పుడు అంతకన్నా పదునైంది తట్టింది. ఓటీపీ చెప్పకుండా ఏ పార్సిలూ అందినట్టు పడదు. అంటే ఎవరో చెప్పారు.

“ఓటీపీ మీరే చెప్పారు కదా?” అని కొట్టాను.

అవతల ఏదో టైప్ చేస్తోంది, ఆపేస్తోంది, మళ్లీ చేస్తోంది. నేను కళ్లార్పకుండా చూస్తున్నాను. చివరికి వచ్చింది.

“అవునండి. మీటింగ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. మ్యూట్‌లో పెట్టి చెప్పేశాను. వాచ్‌మన్ దగ్గర పెట్టమన్నాను. మీ తప్పేం లేదండి. సారీ అండి.”

మీటింగ్ మధ్యలో మ్యూట్ నొక్కి, అవతల ఎవరో ఏం తెచ్చారో చూడకుండా నాలుగంకెలు గడగడా చదివేసి, ‘వాచ్‌మన్ దగ్గర పెట్టేయండి భయ్యా’ అని మళ్లీ స్క్రీన్‌లోకి వెళ్లిపోవడం ఇక్కడ ఊపిరి పీల్చుకోవడంతో సమానం. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ అదే చేశాను. మా ఫ్లోర్‌లో మేనేజర్ దగ్గర్నుంచి అందరూ అంతే. గుమ్మం తెరిచి, మనిషిని చూసి, వస్తువు చేతిలోకి తీసుకుని, అప్పుడు అంకె చెప్పాలని ఆ ఓటీపీని కనిపెట్టినవాళ్లు అనుకుని ఉంటారు, పాపం.

సరే, వాదం నేనే గెలిచాను. రూలు నా వైపు, వాన నా వైపు, చివరికి ఆ అమ్మాయి కూడా నా వైపే. అప్పట్నుంచి నాకు కుదురు లేదు. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయాను. వేరే ఆర్డర్ చీరలు విప్పి మళ్లీ మడతపెట్టాను. హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటింట్లోకి కాలుగాలిన పిల్లిలా ఒకటే తిరగడం. ఫోన్ తీస్తే ఆ ‘సారీ అండి’ కనిపిస్తుంది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! తల్లి చీరలు పోగొట్టుకుని నాకు సారీ చెప్పడమేమిటి?

“గెలిచావుగా, ఇంకా ఎందుకా తిరుగుడు?” అంది అత్తయ్య.

“మీరు కాసేపు ఊరుకుంటారా?” అని అరిచాను. ఊరుకుంది. అది ఇంకా భరించలేకపోయాను. చెప్పులేసుకుని బయటపడ్డాను.

కొరియర్ ఆఫీసు మాదాపూర్‌లో ఒక హాస్టళ్ల సందులో ఉంది. షట్టర్ సగం దించి, లోపల తడిసిన అట్టపెట్టెలు గుట్టగా పోశారు. కంపు. బల్ల దగ్గరున్నతను నా నంబరు కొట్టి, స్క్రీన్ నా వైపు తిప్పి, “డెలివర్డ్ మేడమ్” అన్నాడు. “స్క్రీన్‌కి పురుడొస్తుందా, స్క్రీన్‌కి బొంత కావాలా?” అని గొంతు పెంచాను. నా నోటికి జడిసో, నన్ను వదిలించుకోవడానికో, ఆ రూట్ చూసే మనిషి బయటే ఉన్నాడు, అడగమన్నాడు.

బయట గోడవారగా ఒకతను బండి సైలెన్సర్ విప్పి నీళ్లు వంపుతున్నాడు. నలభై దాటిన మనిషి, అరికాళ్లు నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నానక్‌రామ్‌గూడ పార్సిల్, బొంత అనగానే చేతిలో పని ఆపేశాడు.

“తిట్టమ్మా” అన్నాడు. “తిట్టు, నేనేమన.”

“ముందు ఏమైందో చెప్పన్నా. ఇవ్వకుండానే ఇచ్చినట్టు ఎట్ల పెట్టినవ్?”

“వాన గట్టిగ పట్టింది. ఫ్లైఓవర్ కింద ఆగిన. టైముల ఇయ్యకపోతే యాప్‌ల ఎర్రగ పడ్తదమ్మా, మర్నాడు పని తక్కువిస్తరు. ఇగ అక్కడికెల్లే అందరికీ ఫోన్లు జేసి ఓటీపీలు అడిగిన. అందరూ చెప్పిండ్రు. ఒక్కరన్న ‘నువ్వు యాడున్నవ్’ అని అడగలే. జర తగ్గంగనే పోయి అందరియి ఇచ్చొద్దామనుకున్న.”

“మరి?”

“తగ్గింది, పోయిన. అండర్‌పాస్ కాడ నీళ్లల్ల బండి ఆగింది. ఒరిగింది. నేను బండి వట్టుకున్న, బ్యాగు వోయింది. నాలా దిక్కు గుంజుకపోయింది. తెల్లారి కట్టె వట్టుకొని నాలా పొంటి తిరిగిన. రెండు చెప్పుల డబ్బాలు దొరికినయ్. మీదేం కనవడలే.” చేతులు ప్యాంటుకు తుడుచుకుని, “అండ్ల ఏముండెనమ్మా?” అన్నాడు.

చెప్పాను. “చచ్చిపోయిన తల్లి చీరలన్నా, పుట్టబోయే బిడ్డ కోసం కుట్టిన బొంతన్నా” అన్నాను. అతను తల పట్టుకుని ఫుట్‌పాత్ అంచున కూలబడ్డాడు. “బొంతనే అనుకున్న, మళ్ల కుడ్తరనుకున్న. గిట్లాంటిదని నాకేమెరుక?” తిట్టడానికి బస్తాలకొద్దీ మాటలు తెచ్చుకున్నాను నిజాంపేట నుంచి. “బండినెందుకు పట్టుకున్నవన్నా, బ్యాగు పట్టుకోక?” అని ఒక్కటి మాత్రం అనగలిగాను. “బండి నాదమ్మా” అన్నాడు. కంప్లైంట్ రాస్తారా అని లోపలతను అడిగాడు. నా బొంద, రాస్తే నాలాలోంచి బొంత తిరిగొస్తుందా?

ఇంటికొచ్చేసరికి అత్తయ్య నేలమీద కూర్చుని ఉంది. మంచం కింద ఉండే ముక్కల మూట విప్పి చుట్టూ పరిచింది. ఏ చీరలో చివికిన ముక్కైనా ఆవిడ పారేయదు, దిండ్లలో కూరడానికని దాచుతుంది. బొంత నాలాలో పోయిందని చెప్పాను. తలూపింది. ఆశ్చర్యపోలేదు. చేతిలో ఒక తెల్లముక్క ఉంది, నీలం అంచు సగం వేలాడుతూ.

“ఇది ఆ తెల్లచీరదే. కొంగు పైభాగం. రోజూ పిన్ను గుచ్చీ గుచ్చీ చూడు, చిల్లులు పడిపోయింది. కుడితే చిరుగుతుందని పక్కన పడేశాను” అంది.

దాన్ని చేతిలోకి తీసుకున్నాను. వెడల్పు మూరెడు కూడా లేదు. సూదిమొనల్లాంటి చిల్లులు, ఒకే చోట గుంపుగా.

“దీంతో ఏమవుతుందత్తయ్యా? బొంత పోయి ఈ గుడ్డపేలిక ఇస్తామా?”

“ఆవాల దిండుకి సరిపోద్ది. పసిగుడ్డు తల గుండ్రంగా రావాలంటే ఎలాగూ కావాలి. లోపల వేరే సంచి కుట్టి ఆవాలు అందులో పోస్తాను, చిల్లుల్లోంచి రాలవు. నువ్వెళ్లి ఆవాలు పట్రా.”

“బొంతకి బదులు దిండా?”

“బదులని నేనన్నానా?” అని మొదటిసారి విసుక్కుంది ఆవిడ. “దానికి బదులుంటుందా ఎక్కడైనా? మన దగ్గర మిగిలింది వాళ్లకివ్వాలి. అంతే. వెళ్లు.”

వెళ్లాను. ఆవాలు తెచ్చి, రాళ్లేరి, ఫ్యాను కింద ఆరబోశాం. ఆవిడ కుడుతున్నంతసేపూ నేను పక్కనే కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గానీ నిమిషానికోసారి లేచి ఫోన్ చూడడమే. ఆ అమ్మాయి మళ్లీ ఏమీ రాయలేదు. పురుడొచ్చేసిందేమో, దవాఖానలో ఏ కొత్త దుప్పటి మీదో పడుకోబెట్టేశారేమో. మొదటి రోజే అంది కదా. అత్తయ్య సూది నెమ్మదిగా ఎక్కుతూ దిగుతూ ఉంటే నాకు పిచ్చెక్కిపోయింది. “కాస్త తొందరగా కుట్టరాదూ!” అంటే, “తొందరపడే కదా ఒకటి వానలో పంపావు” అంది.

ఆ ఖాళీలోనే పేజీ తెరిచి అడుగునున్న వాక్యం తీసేశాను. మంచితనం పొంగిపోయి కాదు. కొరియర్ వాళ్లు వాన అన్నారు, నేనూ వాన అన్నాను, వాన వచ్చి ఎవరికీ జవాబు చెప్పదు కదా. ఆ అమ్మాయి తల్లి చీరలిచ్చింది నాకు, వానకు కాదు. దాని చోట ‘మీ చేతికి అందేదాకా మాదే పూచీ’ అని రాశాను. రాశాక భయమేసింది. ఉంచాను.

దిండు మర్నాటికి తయారైంది. కొరియర్ మాట అత్తయ్యా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పాలిథీన్ కవర్లో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, బ్యాగు పొట్టకు అదుముకుని బయల్దేరాను. బస్సు, మెట్రో, ఆ తర్వాత షేర్ ఆటో. ఆటోలో నా పక్కన ల్యాప్‌టాప్ బ్యాగులవాళ్లు ఇద్దరు. ఒకతను ఫోన్‌లో ‘వాచ్‌మన్ దగ్గర పెట్టేయ్ భయ్యా, ఓటీపీ రాసుకో’ అంటున్నాడు. “నువ్వు చూశావా బాబూ, అతను మీ ఇంటి దగ్గరే ఉన్నాడా?” అని అడిగేశాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

టవర్ల వెనక పాత ఊళ్లో మిగిలిన ఇరుకు వీధి, ఆ చివర నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. సెల్లార్ గోడ మీద బురదనీటి గీత ఇంకా ఉంది. ఇంటి గుమ్మం మీద క్రిస్మస్‌నాటి కాగితపు నక్షత్రం వెలిసిపోయి వేలాడుతోంది. బెల్లు కొట్టి, బ్యాగులోంచి కవర్ తీసి చేత్తో పట్టుకున్నాను.

తనే తీసింది. పొట్ట మీద చెయ్యి. ఇంకా కాలేదు! “హమ్మయ్య!” అని పైకే అనేశాను. నేనెవరో చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు నన్నూ, నా చేతిలో కవర్‌నీ మార్చి మార్చి చూసింది.

“మీరే తెచ్చారా అండి?”

“నేనే తెచ్చాను. బొంత మాత్రం దొరకలేదమ్మా. అబద్ధం చెప్పను. నాలాలో పోయింది.”

ఆ మాటకు కళ్లలో నీళ్లు నిలిచాయి. అయినా కవర్ అందుకోబోతూ ఆగి, “ఓటీపీ చెప్పాలా అండి?” అంది. ఏడుస్తూనే నవ్వింది. నేనూ అంతే. ఇద్దరం గుమ్మంలోనే నిలబడి పిచ్చివాళ్లలా నవ్వాం, ఏడ్చాం.

లోపల కూర్చున్నాక కవర్ విప్పింది. ఒక గదిలో కొత్త ఉయ్యాల, అందులో ఇంకా ఏమీ పరవలేదు. దిండు ఒళ్లో పెట్టుకుని నీలం అంచు తడిమింది. వేలు చిల్లుల దగ్గరికి వచ్చి ఆగింది. నేను గబగబా చెప్పబోయాను, లోపల వేరే సంచి ఉందనీ, ఆవాలు రాలవనీ, ఇది పిన్ను గుచ్చిన చోటు కాబట్టి బొంతలో వేయలేదనీ. ఆ అమ్మాయి వినడం లేదు.

“ఇది అమ్మ భుజమండి” అంది.

దిండుని ఎత్తి తన ఎడమ భుజం మీద పెట్టుకుని, దాని మీదికి చెంప వాల్చింది.

“డ్యూటీ నుంచి రాగానే ఎత్తుకోమని పేచీ పెట్టేదాన్ని. పిన్ను గుచ్చుకుంటుందని ముందు పిన్ను తీసి పళ్ల మధ్య పెట్టుకునేది. అప్పుడు ఎత్తుకునేది. నా తల ఇక్కడే ఉండేదండి.”

ఆ అమ్మాయి నెమ్మదిగా లేచి వెళ్లి, దిండుని ఖాళీ ఉయ్యాలలో పెట్టింది. పెట్టి, మళ్లీ తీసి, చిల్లులున్న వైపు తిప్పింది.

“ఇటువైపే పైకి ఉంచుతానండి” అంది.